ఖాడీ పొంగేది నగరంలో, ప్రణాళిక రాయాల్సింది పల్లెల్లో

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. వానాకాలం వచ్చిందంటే ఇక్కడివాళ్ళు మబ్బుల కన్నా మీఠీ ఖాడీని ఎక్కువగా గమనిస్తారు. గుజరాతీలో ఖాడీ అంటే సముద్రపు పోటు తగిలే వాగు. 2020 ఆగస్టులో, 2024 జూలైలో, మళ్ళీ 2025 జూన్‌లో సూరత్ ఖాడీలు పొంగి పల్లపు వాడల్లోకి నీళ్ళు వచ్చాయి. నేలమట్టంలో ఉన్న మగ్గాల షెడ్డులోకి మోకాలిలోతు నీరు చేరితే మోటార్లు, నూలు, నేసిన గుడ్డ అన్నీ పాడవుతాయి. మగ్గం ఆగిన రోజులకు కూలి ఉండదు.

ఈ వరదలో ఒక వింత ఉంది. లింబాయత్‌లో వాన వెలిసినా ఖాడీ పెరుగుతూనే ఉంటుంది. పైన పల్సాణా, కామ్రేజ్, బార్డోలీ తాలూకాల పొలాల మీద, పారిశ్రామిక వాడల మీద పడ్డ వాన కొన్ని గంటలు ఆలస్యంగా ఇక్కడికి చేరుతుంది. అదే సమయంలో సముద్రం పోటు మీద ఉంటే నీరు కిందికి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. కాబట్టి లింబాయత్ గడప దాకా నీళ్ళు వస్తాయా రావా అన్నది కొంతవరకు నగరం బయట, చెరకు తోటల మధ్య ఉన్న గ్రామ పంచాయతీల పనుల మీద ఆధారపడి ఉంటుంది. ఏ కాలువ తవ్వారు, ఏ చెరువు పూడిక తీశారు, ఏ కల్వర్టుకు ఎంత పైపు వేశారు అన్నవి అక్కడ లెక్కకొస్తాయి.

వాతావరణ మార్పుకు పంచాయతీలు ఎలా సిద్ధమవుతున్నాయి అన్న ప్రశ్నకు అందుకే సూరత్ మంచి చోటు. ఇక్కడ నగరం ప్రణాళిక వేసుకుని చాలా కాలమైంది. పల్లెల సంగతే చూడాలి.

నగరం నేర్చుకున్న పాఠం

2006 ఆగస్టు రెండో వారంలో తాపీ నది మీది ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. జలాశయం నగరానికి దాదాపు వంద కిలోమీటర్ల ఎగువన ఉంది. సూరత్‌లో అధిక భాగం మునిగింది. 1994లో వరద, దాని వెంటనే ప్లేగు భయం చూసిన నగరానికి ఇది మరో పెద్ద దెబ్బ. ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ చేపట్టిన ఆసియా నగరాల వాతావరణ కార్యక్రమంలో భారతదేశం నుంచి మొదట ఎంపికైన మూడు నగరాల్లో ఇందోర్, గోరఖ్‌పూర్‌తో పాటు సూరత్ కూడా ఉంది. సూరత్ క్లైమేట్ ఛేంజ్ ట్రస్టు ఏర్పడింది. ఎగువ వాన నుంచి ఉకాయ్‌లోకి వచ్చే నీరు, అక్కడి నుంచి నగరంలో ముంపు దాకా ఒకే వరుసలో అంచనా వేసే ముందస్తు హెచ్చరిక వ్యవస్థను తయారుచేశారు. నగరంలోని సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థలో తాపీ వరదల మీద ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది.

ఇదంతా చాలావరకు తాపీ నదికి, నగర పరిధికి సంబంధించిన కృషి. ఖాడీల సంగతి వేరు. వాటి పరీవాహక ప్రాంతం చిన్నది, నీరు వేగంగా వస్తుంది, ఎగువన గేట్లున్న జలాశయం లేదు. పైగా నగర సరిహద్దు కూడా నిలకడగా లేదు. 2006లో ఒకసారి, 2020లో మరోసారి నగర పరిధి పెరిగింది. 2020లో సచిన్, కన్‌సాడ్ పురపాలికలతో పాటు 27 గ్రామ పంచాయతీలు నగరంలో కలిశాయి. నిన్న గ్రామసభ నిర్ణయించిన కాలువ ఇవాళ నగర ఇంజనీరు ఫైలులోకి వెళుతుంది. దాని కొలతలు, పాత నీటి దారుల జ్ఞాపకం కూడా వెంట వెళతాయన్న భరోసా లేదు.

పంచాయతీ చేతిలో ఏముంది?

73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. అందులో వాతావరణ మార్పు అన్న మాట లేదు. కానీ చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి ఉన్నాయి. సామాజిక అడవులు, తాగునీరు, రోడ్లు, కల్వర్టులు, జలమార్గాలు ఉన్నాయి. వాతావరణ మార్పు ఊరికి వచ్చేది ఈ దారుల్లోనే కాబట్టి, ఆ పేరు లేకపోవడం పెద్ద లోపం కాదని నా అభిప్రాయం.

పని జరిగే తీరు స్థూలంగా ఇది. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రజా ప్రణాళిక ప్రచారంలో గ్రామసభలు జరుగుతాయి. ఊరి అవసరాలు చర్చించి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేస్తారు. దాన్ని ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. ప్రణాళికను ఇప్పుడు తొమ్మిది ఇతివృత్తాల చుట్టూ కూర్చాలి. వాటిలో ‘నీరు సమృద్ధిగా ఉన్న ఊరు’, ‘శుభ్రమైన, పచ్చని ఊరు’ అన్న రెండు నేరుగా మన విషయానికి దగ్గరివి. డబ్బు మాటకొస్తే, 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతం ఊరి ఇష్టం. ఆ ఇష్టం ఎక్కువగా సిమెంటు రోడ్డు వైపు మొగ్గడం ఏ రాష్ట్రంలోనైనా చూసేదే.

విపత్తుల కోసం విడిగా మరో పత్రం ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2022 మార్చిలో విడుదల చేసిన విపత్తు నిర్వహణ ప్రణాళిక ప్రకారం ప్రతి ఊరికీ, ప్రతి పంచాయతీకీ సొంత విపత్తు ప్రణాళిక ఉండాలి. ఇలాంటి వాటిలో ఆశ్రయానికి పనికొచ్చే బడి, పడవలు, ఈతగాళ్ళు, ఫోన్ నంబర్ల వంటివి రాసుకుంటారు. వరద వచ్చిన రోజున ఇవి ప్రాణాలు కాపాడతాయి. అయితే వరద రాకముందు నీరు ఎటు పోవాలన్న ప్రశ్నకు జవాబు ఈ పత్రంలో దొరకదు. అది అభివృద్ధి ప్రణాళికలోని కాలువ పనుల జాబితాలో ఉంటుంది. రెండు పత్రాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసే అలవాటు రావాలి.

ఒక చెరువు లెక్క

వాన లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక హెక్టారు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది 1,000 ఘనపు మీటర్లు, అంటే 10 లక్షల లీటర్లు. పొలంలో దానిలో సగానికి పైగా ఇంకి, 40 శాతం పారుతుందనుకుందాం. 2022 ఏప్రిల్‌లో మొదలైన అమృత్ సరోవర్ పథకం కింద చెరువుకు కనీసం ఒక ఎకరం విస్తీర్ణం, సుమారు 10,000 ఘనపు మీటర్ల నిల్వ ఉండాలన్నది నియమం. 25 హెక్టార్ల పొలం నుంచి పారివచ్చే నీరు సరిగ్గా అంతే. ఆ 25 హెక్టార్లే షెడ్లు, ప్లాట్లు, సిమెంటు రోడ్లుగా మారితే 80 శాతానికి పైగా పారుతుంది. అప్పుడు 20,000 ఘనపు మీటర్లు వస్తాయి. సగం చెరువులో ఆగితే సగం ఖాడీలోకి పోతుంది. వాన ఏమీ పెరగకుండానే ఇది జరిగింది. ఇక గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు కాబట్టి, కుండపోత కురిసిన రోజున కురిసేదీ పెరుగుతుంది.

ఇందులో దక్షిణ గుజరాత్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడి నేల ఎక్కువగా నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి మొదటి వానలను గుటుక్కున మింగుతుంది. తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుపోయి ఇంకడం బాగా తగ్గిపోతుంది. జూన్ మొదట్లో పడ్డ 100 మిల్లీమీటర్లకూ ఆగస్టులో పడ్డ 100 మిల్లీమీటర్లకూ ఖాడీ ఒకేలా స్పందించదు. పైగా ఉకాయ్, కాక్రాపార్ కాలువల కింద ఏడాది పొడవునా తడి పారే చెరకు భూములకు నీరు నిలవడం, ఉప్పు తేలడం పాత సమస్యలు.

చెరువుల పూడికతీత గుజరాత్‌లో కొత్త కాదు. 2018లో మొదలైన సుజలాం సుఫలాం జల అభియాన్ కింద ఏటా వేసవిలో చెరువులు లోతు చేస్తున్నారు. ఉద్దేశం నీటి నిల్వ. కానీ నిండిన చెరువు వరదను ఆపదు. ఖాళీ ఉన్న చెరువే ఆపుతుంది. కరువు కోసం చెరువు నిండుగా ఉండాలి, వరద కోసం కొంత ఖాళీగా ఉండాలి. ఉకాయ్ జలాశయంలో ఇంజనీర్లు ఎదుర్కొనే తగాదా కూడా ఇదే. అక్కడ ఏ తేదీకి నీటిమట్టం ఎంత దాటకూడదో చెప్పే రూల్ లెవెల్ ఉంది. ఊరి చెరువుకు అలాంటి గీత లేదు. పూడిక ఎన్ని ఘనపు మీటర్లు తీశారో రికార్డులో ఉంటుంది. జూన్ 15 నాటికి చెరువులో ఎన్ని అడుగుల ఖాళీ ఉందో రాసిన పుస్తకం అరుదు.

పై ఊరి మేలు, కింది ఊరి కీడు

అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. పల్సాణా వైపు ఒక ఊళ్ళో ఏటా రోడ్డు మీద నీళ్ళు నిలుస్తున్నాయనుకోండి. గ్రామసభ కల్వర్టు పెద్దది చేయమంటుంది. న్యాయమైన కోరికే. 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు తీసి 900 మిల్లీమీటర్లది వేస్తే, అదే వాలులో నిండుగా పారినప్పుడు దాదాపు మూడు రెట్ల నీరు పోతుంది. వ్యాసం ఒకటిన్నర రెట్లే పెరిగినా ప్రవాహం మూడింతలు కావడం సర్పంచులకు తప్పక చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చే పని అది. ఊరు గట్టెక్కుతుంది. అయితే ఇంతకాలం రోడ్డెక్కి, పొలాల్లో పరుచుకుని నెమ్మదిగా దిగిన నీరు ఇప్పుడు రెండు మూడు గంటల ముందే ఖాడీలో పడుతుంది. అలాంటి ఊళ్ళు పది అదే పని చేస్తే లింబాయత్‌లో ఖాడీ శిఖరం ఇంకా ఎత్తుకు లేస్తుంది. ఏ పంచాయతీ తప్పు చేయలేదు. ప్రతి ప్రణాళికా దానికదే సరైనది. కలిపి చూస్తేనే తప్పు బయటపడుతుంది.

ఖాడీల కింది చివర మరో పేచీ ఉంది. తీరం దగ్గర రొయ్యల చెరువుల గట్లు నీటి దారిని ఇరుకు చేశాయన్న ఆరోపణ వరద వచ్చిన ప్రతిసారీ సూరత్‌లో వినిపిస్తుంది. కొల్లేరు, ఉప్పుటేరు తెలిసిన మనకు ఈ కథ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్ నగర్‌ను ముంచిన బుడమేరు కూడా ఇలాంటిదే. మైలవరం కొండల్లో పుట్టి, పల్లెల మీదుగా వచ్చి, నగరాన్ని తాకి, కొల్లేరుకు పోయే వాగు అది. గండ్లు పడింది నగరం బయట, మునిగింది నగరం.

అంచనా ఎంత దగ్గరికి చేరుతుంది?

2024 అక్టోబరు 24న కేంద్ర పంచాయతీరాజ్ శాఖ, భారత వాతావరణ శాఖ కలిసి గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ అంచనాలు మొదలుపెట్టాయి. ఈ-గ్రామ్ స్వరాజ్, మేరీ పంచాయత్ యాప్, గ్రామ్ మానచిత్ర్‌లలో అయిదు రోజుల అంచనా కనిపిస్తుంది. మంచి ముందడుగు. అయితే దీన్ని ఎలా చదవాలో తెలియాలి. 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంతకుముందు 12 ఉండేది. ఆరు కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లు. దేశ విస్తీర్ణాన్ని సుమారు 2.55 లక్షల పంచాయతీలతో భాగిస్తే ఒక్కోదానికి 13 చదరపు కిలోమీటర్ల లోపే వస్తుంది. అంటే ఒక గడిలో రెండు మూడు పంచాయతీలు ఇమిడిపోతాయి. పక్కపక్క ఊళ్ళ మధ్య తేడాను ఈ అంచనా చెప్పలేదు. తాలూకా మీద భారీ వాన వచ్చే అవకాశాన్ని మాత్రం బాగానే చెబుతుంది. ఖాడీ విషయంలో కావలసింది నిజానికి అదే. పై తాలూకాకు వచ్చిన హెచ్చరికను కింది వాడ వాళ్ళు చూడాలి. ఎవరి పంచాయతీ అంచనా వాళ్ళు చూసుకునే పద్ధతిలో లింబాయత్‌కు ఉపయోగం తక్కువ.

అంచనా పక్కన ఊళ్ళో నిజంగా ఎంత పడిందన్న కొలత కూడా ఉండాలి. ఒక వానమాపకం, రోజూ ఉదయం ఒకే వేళకు చూసి రాసే మనిషి ఉంటే చాలు. ఖరీదైన యంత్రాల కన్నా ఈ పుస్తకమే పదేళ్ళ తర్వాత విలువైనదవుతుంది.

నీరు తగ్గాక వచ్చే జ్వరం

వరద ప్రణాళిక గట్టు, కాలువలతో ముగిసిపోతే సూరత్ పల్లెల్లో సగం పనే జరిగినట్టు. సూరత్, నవ్‌సారీ, వల్సాడ్ ప్రాంతాల్లో లెప్టోస్పైరోసిస్ దశాబ్దాలుగా వానాకాలపు బెడద. ఎలుకలు, పశువుల మూత్రంతో నీటిలోకి చేరిన బాక్టీరియా కాళ్ళ మీది పగుళ్ళ గుండా ఒంట్లోకి వెళుతుంది. వరి నాట్లు వేసేవాళ్ళు, చెరకు తోటల్లో కూలీలు ఎక్కువగా దీని బారిన పడతారు. మామూలు జ్వరంలా మొదలై కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. అపాయం ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఆరోగ్య సిబ్బంది ముందుగా డాక్సీసైక్లిన్ ఇస్తారు. మాత్ర ఎప్పుడు, ఎవరికి అన్నది వైద్యులు తేల్చేది. పశువుల కొట్టం చుట్టూ నీరు నిలవకుండా చూడటం, చచ్చిన పశువులను వెంటనే పూడ్చడం, ఎలుకల బెడద తగ్గించడం మాత్రం పంచాయతీ పనులే. వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. పారిశుద్ధ్యం కింద వచ్చే గ్రాంటులోనే ఇమిడిపోతాయి. కానీ చాలా వాతావరణ ప్రణాళికల నమూనాల్లో సోలార్ దీపాలు, మొక్కల పెంపకం ముందు వరుసలో ఉంటాయి, కొట్టం పక్క కాలువకు చోటుండదు. జమ్మూలోని పల్లీ, కేరళలోని మీనంగాడి కర్బన తటస్థతతో పేరు తెచ్చుకున్నాయి, సంతోషమే. దక్షిణ గుజరాత్‌లో బురదలో దిగే కూలీకి మొదట కావలసింది వేరు.

నల్లగొండలో జరిగిన పని

లింబాయత్ తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలున్న నల్లగొండలో ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ప్రయోగం ఒకటి జరిగింది. ఏపీఫామ్స్ అని పిలిచిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు 2003లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో నడిచింది. రైతులే వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బావుల నీటిమట్టం చూశారు. ఏటా రబీకి ముందు కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, అనుకున్న పంటలకు ఇంత కావాలి, లోటు ఇంత అని గోడ మీద రాసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఆదేశించలేదు. అంకె చూసి కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు.

మన విషయానికి కీలకమైన సంగతి, ఆ ప్రాజెక్టు లెక్కను ఊరి సరిహద్దుతో ఆపలేదు. ఒకే వాగు కింద ఉన్న పల్లెలన్నిటినీ ఒక జల విభాగంగా కలిపి, ఊరి కమిటీల మీద విభాగం కమిటీ పెట్టింది. నిజానికి ఇది గొలుసుకట్టు చెరువుల ఆలోచనే. పై చెరువు అలుగు పోస్తేనే కింది చెరువుకు నీరు. పై చెరువు కట్ట తెగితే కింది ఊరికి ముప్పు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసిన చెరువుల్లో చాలావరకు ఇలాంటి గొలుసుల్లోవే. తెలంగాణ పల్లెల్లో వాగు లెక్క కొత్తగా నేర్పాల్సింది కాదు. ప్రాజెక్టు డబ్బుతో నడిచిన కొలతలు మాత్రం ప్రాజెక్టు ముగిశాక అన్నిచోట్లా కొనసాగలేదు. ఆ పుస్తకాన్ని పంచాయతీ తన రికార్డుల్లో ఒకటిగా చేసుకుని ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదేమో.

ఖాడీకి ఒక బల్ల

పల్సాణా సర్పంచు, లింబాయత్ కార్పొరేటరు ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు చట్టంలో ఉంది. 74వ సవరణతో వచ్చిన 243జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలి. పంచాయతీల ప్రణాళికలను, పురపాలికల ప్రణాళికలను కలిపి జిల్లా ముసాయిదా తయారుచేయడం దాని పని. నీటి పంపకం, పర్యావరణ పరిరక్షణ వంటి ఉమ్మడి అంశాలను చూడాలని ఆ అధికరణమే చెబుతోంది. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతులు ఎన్నికైనవాళ్ళే. దేశంలో ఈ సంఘాలు చాలాచోట్ల కాగితాలు కుట్టే పని దాటలేదన్న విమర్శ ఉంది. ఒక్క ఖాడీని తీసుకుని, దాని మీదున్న పంచాయతీల కాలువ, కల్వర్టు, చెరువు పనులను ఒక పటం మీద గుర్తిస్తే ఏ కల్వర్టు పెద్దది చేయాలో, దానికన్నా ముందు ఏ చెరువు సిద్ధం కావాలో తెలుస్తుంది. గ్రామ్ మానచిత్ర్‌లో పటం ఇప్పటికే ఉంది. వరుస తేల్చాలి.

2025 ఏప్రిల్‌లో విడుదలైన పంచాయతీ పురోగతి సూచీలో 2022–23 సంవత్సరానికి దేశంలో 699 పంచాయతీలు ముందువరుసలో నిలిచాయి. వాటిలో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. లింబాయత్ వాసులు వదిలి వచ్చిన రాష్ట్రం, చేరిన రాష్ట్రం రెండూ పైనే ఉన్నాయి. ఆ సూచీ ఒక్కో పంచాయతీకి విడిగా మార్కులు వేస్తుంది. పక్క ఊరికి పంపిన నీటికి దానిలో గడి లేదు.

ఈసారి అక్టోబరు 2 తర్వాత ఖాడీ ఎగువన జరిగే గ్రామసభల్లో మూడు అంకెలు అడిగితే చాలు: జూన్ 15న చెరువులో ఖాళీ ఎన్ని అడుగులు, ఊరి కల్వర్టుల పైపు వ్యాసం ఎంత, అతి పెద్ద వాన పడిన రోజున ఊళ్ళో నమోదైంది ఎన్ని మిల్లీమీటర్లు. వీటికి ఒక కొలబద్ద, ఒక వానమాపకం, ఒక పుస్తకం కావాలి. ఇరవై ఏళ్ళ కిందట నల్లగొండ రైతులు మొదలుపెట్టింది దాదాపు వీటితోనే.